కాంట్రా డ్యాన్స్ కాలింగ్: మూవ్‌లు ఎలా నేర్పాలి, ఏ పేరుతో పిలవాలి

మీరు అడిగింది మిగతావాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. మసాచుసెట్స్‌లో కొంతకాలంగా కాంట్రా డ్యాన్సులకి వెళ్తున్నారు. వచ్చే నెల కొత్త కాలర్లకి (మైకులో మూవ్‌లు చెప్పి డ్యాన్సు నడిపించేవాళ్ళకి) అవకాశం ఇచ్చే రాత్రి మీకు రెండు డ్యాన్సులు ఇచ్చారు. మూవ్‌లన్నీ ఒంటికి వచ్చు, కానీ మైకు ముందు నేర్పడానికి మాటలు దొరకడం లేదు. పాత పేర్లు వాడాలా కొత్తవి వాడాలా అన్న టెన్షన్ వేరే ఉంది. తెలుగువాళ్ళ పిక్నిక్‌లో ఇదే తెలుగులో చేయించవచ్చా అన్నది మీ చివరి ప్రశ్న.

కాంట్రా చూడనివాళ్ళకి నాలుగు ముక్కలు. ఇంగ్లాండ్ నుంచి వలస వచ్చినవాళ్ళతో పాటు వచ్చి న్యూ ఇంగ్లాండ్‌లో (అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో) నిలబడిపోయిన జానపద నృత్యం ఇది. హాల్లో పొడుగాటి వరుసలు, స్టేజీ మీద ఫిడేలు, పియానో. రెండు జంటలు కలిసి నలుగురి గుంపు. 64 బీట్లలో ఒక వరస మూవ్‌లు పూర్తి చేస్తారు. అది అయ్యేసరికి ప్రతి జంటా ఒక చోటు జరిగి కొత్త జంటని కలుస్తుంది, మళ్ళీ అదే వరస మొదలు. కష్టమైన స్టెప్పులేం ఉండవు, నడక వస్తే చాలు. సంగీతం మొదలయ్యే ముందు కాలర్ ఒకసారి నడిపించి చూపిస్తారు, దీన్ని వాక్‌త్రూ అంటారు. తర్వాత పాట నడుస్తుండగా ప్రతి మూవ్‌నీ ముందుగా పిలుస్తారు.

ఇక అసలు విషయం. మూవ్ పేరు అనేది ఆ మూవ్ తెలిసినవాళ్ళకి గుర్తు చేయడానికే పనికొస్తుంది. తెలియనివాళ్ళకి కావాల్సింది వేరు: నేను ఎక్కడికి చేరాలి, పక్కన ఎవరుండాలి, ఎటు తిరిగి ఆగాలి. ఈ మూడూ చెప్తే మధ్యలో కాస్త తడబడినా మనిషి సరైన చోటికి చేరిపోతాడు. మధ్యలో చేతుల సంగతి ఎంత వివరంగా చెప్పినా చేరాల్సిన చోటు చెప్పకపోతే నలుగురూ నాలుగు దిక్కులకి పోతారు.

ఉదాహరణకి చెయిన్ అనే మూవ్ తీసుకోండి. (జంటలో ఎడమవైపు నిలబడేవాళ్ళు లార్క్స్, కుడివైపు రాబిన్స్. ఈ పేర్ల సంగతి కింద చెప్తాను.) కొత్తగా కాల్ చేసేవాళ్ళు చాలామంది ఇలా నేర్పుతారు: "ఇప్పుడు రాబిన్స్ చెయిన్. రాబిన్స్ అవతలికి వెళ్తారు, లార్క్స్ తిప్పుతారు." వచ్చినవాళ్ళు తిరిగేస్తారు. రానివాళ్ళు మధ్యలోకొచ్చి ఏ చెయ్యి చాపాలో తెలియక నిలబడిపోతారు. నేను చెప్పే తీరు ఇది (హాల్లో ఇంగ్లీషులోనే అంటాను, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను):

"రాబిన్స్, ఎదురుగా ఉన్న లార్క్‌ని చూడండి. మీరు చేరాల్సింది అక్కడికే. రాబిన్స్ ఇద్దరూ మధ్యలో కుడి చేతులు కలిపి, ఒకరినొకరు దాటి వదిలేయండి. ఎడమ చెయ్యి ఆ లార్క్‌కి ఇవ్వండి. లార్క్స్, ఎడమ చేత్తో అందుకోండి, కుడి చెయ్యి రాబిన్ వీపు వెనక. ఇద్దరూ కలిసి తిరగండి, లార్క్ వెనక్కి నడుస్తారు, రాబిన్ ముందుకి. మళ్ళీ మధ్యకి మొహం పెట్టి ఆగండి. రాబిన్ కుడివైపు ఉన్నారా? ఇదే రాబిన్స్ చెయిన్."

పేరు ఆఖరున చెప్పాను. ఒంటికి పని తెలిశాక పేరు తగిలిస్తే ఆ రాత్రంతా గుర్తుంటుంది. ముందే పేరు చెప్తే కొత్తవాళ్ళు "చెయినంటే ఏంటి?" అని పక్కవాళ్ళని అడగడం మొదలుపెడతారు. ఆ గుసగుసల్లో మీ తర్వాతి మూడు వాక్యాలూ ఎవరికీ వినపడవు.

భిన్నాలతోనూ ఇదే తంటా. "సర్కిల్ లెఫ్ట్ ముప్పావు వంతు" అనగానే ఇంజనీర్లు కూడా ఆగి లెక్క వేసుకుంటారు. "చేతులు పట్టుకుని ఎడమకి తిరగండి, మీ పార్ట్‌నర్ మీ పక్కకొచ్చి, మీ ఇద్దరూ హాలుకి ఒకే పక్కన నిలబడేదాకా" అంటే లెక్క అక్కర్లేదు. అలెమాండ్ ఒకటిన్నర చుట్టూ అంతే. "ఎడమ చేతులు పట్టుకుని ఒకసారి తిరిగి మీ చోటికి రండి, ఇంకో సగం తిరిగి అవతలి వాళ్ళ చోటికి పోండి." పాట మొదలయ్యాక మాత్రం "ముప్పావు", "ఒకటిన్నర" అని అంకెతోనే పిలవండి. అప్పటికి ఆ అంకె వెనక ఒక చోటు వాళ్ళకి కనిపిస్తుంటుంది.

పిలుపులో మాటల వరస కూడా ముఖ్యం: ముందు ఎవరు, తర్వాత ఏ చెయ్యి లేదా ఏ మూవ్, చివర ఎంత. "లార్క్స్, అలెమాండ్ లెఫ్ట్, వన్ అండ్ ఎ హాఫ్." తన పేరు వినపడని మనిషి మిగతా పిలుపు వినడు, అందుకే పేరు ముందు. దీన్ని తలకిందులు చేసి "అలెమాండ్ లెఫ్ట్ ఫర్ ది లార్క్స్" అంటే రాబిన్స్ కూడా అప్పటికే చెయ్యి చాపేసి ఉంటారు.

మనం ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు చీటికీ మాటికీ "ఆల్ రైట్", "రైట్" అంటుంటాం. కాలింగ్‌లో ఆ అలవాటు పూర్తిగా మానుకోండి. మైకులో "రైట్" అని వినపడితే సగం హాలు కుడికి తిరుగుతుంది. బాగా చేశారనడానికి "గుడ్" అనండి, "యెస్" అనండి. అలాగే "ఎవరైనా మిగిలారా" అని అడగడానికి "లెఫ్ట్" అన్న మాట వాడకండి.

ఇప్పుడు పేర్ల సంగతి. కాంట్రాలో కొన్ని పేర్లు వాటంతటవే దారి చూపిస్తాయి: లాంగ్ లైన్స్ ఫార్వర్డ్ అండ్ బ్యాక్, సర్కిల్ లెఫ్ట్, పాస్ త్రూ. వీటిని నేర్పడానికి అర నిమిషం కూడా పట్టదు, పిలిస్తే చాలు. కొన్ని పేర్లు చరిత్రే తప్ప ఏమీ చెప్పవు. పెట్రోనెల్లా ఒక స్కాటిష్ డ్యాన్స్ పేరు. బెకెట్ అంటే జంటలు నిలబడే ఒక అమరిక, ఆ పేరు మసాచుసెట్స్‌లోని ఊరి పేరు. మ్యాడ్ రాబిన్ కూడా పాత ఇంగ్లీషు డ్యాన్సు నుంచి వచ్చిందే. చెవిన పడగానే ఎటు కదలాలో వీటిలో ఏదీ చెప్పదు. ఇలాంటివి వచ్చినప్పుడు ఆ పేరు ఎక్కడిదో చెప్పాలని నాలుక పీకుతుంది. చెప్పకండి, జనం నిలబడి ఉన్నారు. పెట్రోనెల్లా అయితే "నలుగురూ చేతులు పట్టుకుని బ్యాలెన్స్, చేతులు వదిలి, కుడి భుజం మీదుగా గిర్రున తిరుగుతూ ఒక చోటు కుడికి జరగండి" అంటే చాలు. (బ్యాలెన్స్ అంటే లయకి ముందుకో అడుగు, వెనక్కో అడుగు.) కాల్ చేసేటప్పుడు "బ్యాలెన్స్ ది రింగ్... స్పిన్ టు ది రైట్" అంటాను, పేరు ఎత్తను. పాతవాళ్ళు తిరుగుతూ రెండు చప్పట్లు కొడతారు, కొత్తవాళ్ళు చూసి వాళ్ళే పట్టేస్తారు. బెకెట్‌కి వివరణే అక్కర్లేదు: మామూలుగా నలుగురు చేతులు పట్టుకున్నాక ఎడమకి ఒక చోటు తిప్పండి, పార్ట్‌నర్లు పక్కపక్కన నిలబడతారు, అయిపోయింది.

పాత్రల పేర్లు. ఇదివరకు జెంట్స్, లేడీస్ అనేవారు. ఇప్పుడు చాలా హాళ్ళలో లార్క్స్, రాబిన్స్. లార్క్ ఎడమవైపు, రాబిన్ కుడివైపు, లెఫ్ట్ రైట్‌ల మొదటి అక్షరాలే గుర్తు. ఎవరు ఏ వైపు నిలబడాలో వాళ్ళ ఇష్టం, ఆడా మగా లెక్క లేదు. మొదట్లో లార్క్స్, రావెన్స్ అన్నారు. పసిఫిక్ వాయవ్య తీరంలోని ఆదివాసీ తెగలకి రావెన్ పవిత్రమైన పక్షి కాబట్టి దాన్ని వదిలి రాబిన్స్‌కి మారారు. దీని మీద వాదనలు మీరు వినే ఉంటారు, నేను వాటిలోకి పోను. కాలర్‌గా నాకు నచ్చింది ఒకటుంది: జెంట్స్, లార్క్స్ రెండూ ఒకే దెబ్బలో పలికే మాటలు. లేడీస్, రాబిన్స్ రెండేసి దెబ్బలు. పాత కార్డులు (కాలర్లు డ్యాన్సు రాసుకునే చీటీలు) తీసి పేరు మార్చి పిలిస్తే తాళం ఎక్కడా తప్పదు. మీరు వెళ్ళే హాల్లో ఏది వాడతారో నిర్వాహకులని అడిగి అదే వాడండి. ఒకే రాత్రి ఒకరు లేడీస్ అని, ఇంకొకరు రాబిన్స్ అని పిలిస్తే మధ్యలో నలిగేది కొత్తవాళ్ళు.

జిప్సీ అనే మూవ్ సంగతి మీరు ప్రత్యేకంగా అడిగారు. ఇద్దరు ఎదురెదురుగా కళ్ళలోకి చూసుకుంటూ, ముట్టుకోకుండా ఒకరి చుట్టూ ఒకరు తిరగడం. ఆ పేరు రోమా జనాన్ని కించపరిచే మాటగా వాడుకలో ఉంది కాబట్టి చాలామంది కాలర్లు దాన్ని వదిలేశారు. ఆ జనం మూలాలు మన ఉపఖండంలోనే ఉన్నాయి, మనకి ఆ మాట ఇంకొంచెం గుచ్చుకోవాలి. ఇప్పుడు ఎక్కువగా వినపడేది "రైట్ షోల్డర్ రౌండ్". మర్యాద సంగతి అలా ఉంచితే, నేర్పడానికి కూడా ఇదే మెరుగైన పేరు. ఏ భుజం వైపు తిరగాలో పేరులోనే ఉంది. ఒక్కటే తేడా: పాత పేరు రెండు దెబ్బలు, ఇది నాలుగు. పిలుపు ఒక బీటు ముందే మొదలుపెట్టాలి.

దాంతో టైమింగ్‌కి వచ్చాం. పాట 32 బార్లు (బారుకి రెండు బీట్లు), ఏఏబీబీ, అంటే ఏ భాగం రెండుసార్లు, బీ భాగం రెండుసార్లు, ఒక్కోటి 16 బీట్లు. నిమిషానికి 110 నుంచి 120 బీట్ల వేగంలో మొత్తం వరస అర నిమిషం పైచిలుకు. మీ రెంటిలో మొదటిదిగా ఇలాంటి డ్యాన్సు పెట్టుకోండి: ఏ1 నైబర్‌తో (ఎదుటి జంటలో మీకు జోడీ అయ్యే మనిషితో) బ్యాలెన్స్, స్వింగ్, అంటే దగ్గరగా పట్టుకుని గిరగిరా తిరగడం (4+12 బీట్లు). ఏ2 సర్కిల్ లెఫ్ట్ ముప్పావు (8), పార్ట్‌నర్‌తో డోసీడో, అంటే మొహం తిప్పకుండా ఒకరి చుట్టూ ఒకరు వీపు వెనకగా నడిచి రావడం (8). బీ1 పార్ట్‌నర్‌తో బ్యాలెన్స్, స్వింగ్ (4+12). బీ2 రాబిన్స్ చెయిన్ (8), ఎడమ చేత్తో స్టార్, అంటే నలుగురూ ఎడమ చేతులు మధ్యలో కలిపి తిరగడం (8), వదిలేసి కొత్త నైబర్ దగ్గరికి. ఇందులో నేర్పాల్సింది నిజానికి చెయిన్ ఒక్కటే.

సూత్రం ఏమిటంటే పిలుపు ఆఖరి మాట ఎనిమిదో బీటు మీద పడాలి, కదలిక మళ్ళీ ఒకటి మీద మొదలవ్వాలి. సర్కిల్ ఎనిమిది బీట్లూ తిరుగుతుండగా అయిదో బీటు మీద "పార్ట్‌నర్", ఆరు మీద "డో", ఏడు మీద "సీ", ఎనిమిది మీద "డో". ఒకటి రాగానే అందరూ కదిలి ఉంటారు. కొత్త కాలర్లు చాలామంది ఒకటో బీటు మీద పిలుస్తారు, ఎందుకంటే తాము డ్యాన్స్ చేసేటప్పుడు ఒంటికి తెలిసే క్షణం అదే. అప్పటికి ఆలస్యమైపోయింది. హాలంతా రెండు బీట్లు వెనకబడుతుంది, ఆ రెండు బీట్లూ స్వింగ్‌లోంచి కోసుకుంటారు, చివరికి అందరికీ ఆ డ్యాన్సు ఎందుకో నచ్చలేదనిపిస్తుంది.

స్వింగ్ తర్వాత వచ్చే పిలుపు ఇంకా ముందుగా ఇవ్వాలి. గిరగిరా తిరుగుతున్న జంట ఆగి, విడిపోయి, మధ్యకి తిరగడానికి వాళ్ళకి టైం కావాలి. రాబిన్ లార్క్‌కి కుడివైపు తేలాలి కూడా. మొదటి రెండు మూడు సార్లు పదో బీటుకల్లా "ఫేస్ ఇన్" అని, తర్వాత "సర్కిల్ లెఫ్ట్ త్రీ క్వార్టర్స్" అని పూర్తి చేయండి. ఇంట్లో ప్రాక్టీసుకి ఏదైనా 32 బార్ల రీల్ (ఈ డ్యాన్సులకి వాయించే ఒక రకం పాట) పెట్టుకుని, గది అంతా నడుస్తూ, బయటికి గట్టిగా పిలవండి. కూర్చుని కార్డు చదివితే టైమింగ్ రాదు. కార్డు మీద మూవ్‌లు కాకుండా మీరు నోటితో అనబోయే మాటలే రాసుకోండి.

పిలుస్తూనే ఉండకండి. మొదటి మూడు నాలుగు సార్లు పూర్తిగా పిలవండి. తర్వాత "నైబర్ స్వింగ్", "సర్కిల్", "పార్ట్‌నర్" అని ఒక్కో మాటకి కుదించండి. తర్వాత ఒక్కో మూవ్ వదిలేస్తూ పోయి మౌనంగా ఉండండి, జనం ఫిడేలు వింటారు. కళ్ళు మాత్రం వరసల చివర్ల మీద పెట్టండి. అక్కడ ఒక వంతు ఖాళీగా నిలబడ్డ జంట చోట్లు మార్చుకోవడం మర్చిపోయి తిరిగి వస్తుంది, గందరగోళం అక్కడే పుడుతుంది. అది కనపడితే రెండు వంతులు మళ్ళీ పిలిచి ఆపేయండి. ముగింపుకి బ్యాండుకి ముందుగా సైగ చేయాలి. ఆ సైగ ఏదో మొదలుపెట్టే ముందే వాళ్ళతో మాట్లాడుకోండి, అలాగే "ఫోర్ పొటాటోస్" ఇమ్మని అడగండి. ఫిడేలు నాలుగు బీట్లు ఊపుగా వాయించి డ్యాన్సు ఎత్తుకునే పద్ధతి అది. ఆ నాలుగు బీట్లలోనే మీ మొదటి పిలుపు పడాలి.

వాక్‌త్రూ ఒకసారి చాలు, మహా అయితే రెండుసార్లు. ఎక్కడో ఒక నలుగురు చెడిపోతే మైకులో వాళ్ళనే ఉద్దేశించి మాట్లాడకండి, "అందరూ మొదటి చోటికి రండి" అని మళ్ళీ ఎత్తుకోండి. హే జోలికి మాత్రం మొదటిసారే పోకండి. నలుగురు అల్లిక అల్లినట్టు ఒకరినొకరు దాటుకుంటూ పోయే ఆ మూవ్‌ని నోటితో నేర్పడం అనుభవం ఉన్నవాళ్ళకే చెమటలు పట్టిస్తుంది. మధ్యలో కుడి భుజాలు, అంచుల్లో ఎడమ భుజాలు అన్న సూత్రం వల్లించినా, ఒక గుంపుని ముందు నడిపించి చూపిస్తే తప్ప తలకెక్కదు.

యాస గురించి అడిగారు. మీ యాస ఎవరికీ అడ్డు రాదు, వేగమే అడ్డు. మనం ఇంగ్లీషు మాటల్లో అన్ని అక్షరాలనీ ఒకే ఒత్తుతో, గబగబా పలికేస్తాం. కాలింగ్‌లో ఒక్కో పెద్ద మాటా ఒక బీటు మీద వాలాలి, మధ్య చిన్న మాటలు మింగేయవచ్చు. "యువర్", "ది", "విత్" అన్నీ తీసేసి చూడండి, అర్థం ఎక్కడా పోదు.

సొంతంగా డ్యాన్సు కట్టి అందులో కొత్త మూవ్‌కి పేరు పెట్టాలన్న ఉబలాటం త్వరలోనే పుడుతుంది. చాలా "కొత్త" మూవ్‌లు పాత వాటి ముక్కలే. సగం అలెమాండ్ తర్వాత ఒక అడుగు పక్కకి వేస్తే దానికి పేరెందుకు? ఉన్న మాటలతో వర్ణించండి. వేరే కాలర్ ఎవరైనా మీ డ్యాన్సు అడిగి తీసుకుని, దాన్ని పిలవడానికి వాళ్ళకే ఒక మాట అవసరమైతే, పేరు అప్పుడు పుట్టనివ్వండి.

ఇక పిక్నిక్. చేయవచ్చు, బాగుంటుంది కూడా. కోలాటం ఆడినవాళ్ళు గుంపులో ఇద్దరున్నా మీ పని సగం అయినట్టే. ఒక్కో కోపుకీ అడుగు మార్చడం, జంట మార్చడం, లయకి ముందే సిద్ధంగా ఉండటం వాళ్ళకి అలవాటే. తెలుగులో పిలవడానికి మన వాక్యం బాగా కలిసొస్తుంది, "ఎవరు" అన్నది సహజంగానే ముందొస్తుంది: "ఎదుటివాళ్ళతో డోసీడో", "జంటతో కుడి చెయ్యి, ఒక చుట్టు". చివర "చేయండి" మాత్రం తీసేయండి, మూడు అక్షరాలు ఊరికే బీటు తినేస్తాయి. డోసీడో, స్టార్ లాంటి పేర్లు అలాగే ఉంచండి, పిల్లలు రెండు నిమిషాల్లో పట్టేస్తారు. కుడి, ఎడమ మాత్రం తెలుగులో అనేముందు చూసుకోండి: ఇక్కడ పుట్టిన పిల్లల్లో చాలామందికి రైట్, లెఫ్ట్ అంటేనే వేగంగా తడుతుంది.

స్వింగ్ పెట్టకండి. దగ్గరగా పట్టుకుని తిరగడం పెద్దవాళ్ళలో చాలామందికి ఇబ్బంది, పొట్టి పిల్లలకి కుదరదు కూడా. దాని బదులు రెండు చేతులూ పట్టుకుని ఎనిమిది బీట్లు తిరగమనండి. జంటలు మారే డ్యాన్సు కూడా వద్దు. నాలుగైదు జంటలు రెండు వరుసల్లో ఎదురెదురుగా నిలబడి, ముందుకీ వెనక్కీ నడిచి, కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, డోసీడో అయ్యాక పై జంట మధ్యలోంచి కిందికి పరుగెత్తే రకం పెట్టండి. అది ఎవరికైనా వస్తుంది, అత్తగారూ మనవరాలూ జంటగా నిలబడొచ్చు. చీరల్లో ఉన్నవాళ్ళకి పరుగు బదులు నడక అని ముందే చెప్పండి.

మీరు ఎంచుకున్న రెండో డ్యాన్సు ఏ1 నుంచి బీ2 దాకా ఇక్కడ రాయండి. ఏ బీటు మీద ఏ మాట పడాలో పక్కన రాసి పెడతాను.